బండి కాడ ఉండే మనిషి

ఉప్పలయ్య ఎక్కడైనా రాత్రికి బండి ఆపాలంటే ముందు కిందికి దిగి చుట్టూ ఒకసారి తిరిగేవాడు. చెట్టు కిందైతే పైన ఎండిన కొమ్మ ఉందేమో చూసేవాడు. చెప్పుతో మట్టి గీకి, ఎగువన వాన పడితే నీళ్లు ఇటు వస్తాయా రావా అని చూసేవాడు. బండి మూతి ఎప్పుడూ రోడ్డు వైపే ఉండాలి. వెనక చక్రం కింద రాయి పడాలి. లోపల మనుషులు పడుకుంటే అద్దాలు రెండు వేళ్ల సందు దించాలి, లేకపోతే తెల్లారేసరికి సీట్లన్నీ చెమ్మగిల్లుతాయి.

ఇవన్నీ సుజాతకు నోటికి వచ్చు. ఆమె ఐదో తరగతితో బడి మానేసింది. బండి నడపడం రాదు. తార్నాకలో రెండు గదుల ఇల్లు, కూరగాయల అంగడి, ఎప్పుడైనా నల్లకుంట బజారు, అంతకు మించి ఒక్కతే పోయింది తక్కువ. అయినా గుట్ట కింద రాత్రి బండి ఎట్లా ఆపాలో ఏ డ్రైవరుకైనా చెప్పగలదు. ముప్పై ఒక్క ఏళ్లు విన్నది మరి.

యూనివర్సిటీలో రాళ్ల చదువు చెప్పే డిపార్ట్‌మెంటు బండికి ఉప్పలయ్య డ్రైవరు. ఏటా చలికాలంలో పిల్లల్ని గుట్టలకు తీసుకుపోవాలి. పొద్దెక్కితే బండ కాలుతుంది, పని సాగదు. అందుకని ముందు రోజు సాయంత్రానికే గుట్ట ఎక్కే దారి మొదట్లోకి చేరుకుని రాత్రికి అక్కడే ఉండేవాళ్లు. పిల్లలు గుడారాలు వేసుకునేవాళ్లు, ఉప్పలయ్య బండిలో నడుం వాల్చేవాడు. చీకటితోనే అందరూ సుత్తులు తీసుకుని పైకి పోతే ఆయన బండి కాడ ఉండేవాడు.

సుజాత రెండు రోజులకు సద్ది కట్టిచ్చేది. జొన్నరొట్టెలు, పల్లీల పొడి, మొదటి పూటకు పులిహోర. ఆయన తిరిగి వచ్చి డబ్బాతో పాటు కబుర్లు కూడా దింపేవాడు. ఏ గుట్ట కింద ఎవరు మజ్జిగ ఇచ్చారు, ఏ ఊరి కుక్క రాత్రంతా బండి కింద పడుకుంది, ఏ పిల్లగాడు తేలును చూసి బండి టాపు మీదికి ఎక్కి పొద్దున దాకా దిగలేదు. ఆమె కూరగాయలు తరుగుతూ వినేది. ఆయన చెప్పేవన్నీ గుట్టల కింది సంగతులే.

ఒక్కసారి మాత్రం గుట్ట పైని సంగతి చెప్పాడు.

అది పద్దెనిమిదేళ్ల కిందటి మాట. కూతురు పూజ తర్వాత పుట్టిన బాబు పదకొండు రోజులు బతికాడు. ఆ నెలలోనే ఉప్పలయ్యకు మూపుగుట్ట డ్యూటీ పడింది. నల్లగొండ వైపు ఎద్దు మూపులాగా లేచి ఉండే గుట్ట అది. పోక తప్పలేదు. రెండు రోజులకు తిరిగి వచ్చేసరికి సుజాత గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఆయన బియ్యం తానే కడిగి కుక్కరు పొయ్యి మీద పెట్టి గడప మీద కూర్చున్నాడు. కాసేపటికి కుక్కరు సుయ్యిమనడం మొదలుపెట్టింది.

"సుజాతా, మూపుగుట్ట ఎక్కిన" అన్నాడు.

ఆమె కదల్లేదు.

"పైన నీళ్ల గుంత ఉన్నది. పక్కకు రెండు బండలు ఒకదానికొకటి ఆనుకొని ఉన్నయి. గాడ కూసున్న. గాలొస్తే ఆ సందుల నుంచి, గో ఇను, ఇప్పుడు కుక్కరు అంటున్నది చూడు, అచ్చం గిట్లనే అంటది. ఇంకేం, ఇప్పుడు కూతేస్తది, ఇప్పుడు కూతేస్తది అని ఎంతసేపని చూసిన. ఎయ్యలే. గ్యాస్ ఒడ్సినట్టున్నది అనుకొని లేచొచ్చిన."

సుజాతకు నవ్వు వచ్చింది. బాబు పోయాక వచ్చిన మొదటి నవ్వు. ఆ వెనకే ఏడుపు కూడా వచ్చింది. ఆయన దగ్గరికి వచ్చి తల మీద చెయ్యి వేసి, "నిన్ను ఒకపారి తీస్కపోత. రాత్రి బండిల పండుకొని పొద్దుగాల ఎక్కుదాం" అన్నాడు.

తీసుకుపోలేదు. డిపార్ట్‌మెంటు బండిలో ఇంటివాళ్లను ఎక్కించుకునే మనిషి కాదు. రిటైరైనాక పోదాం అన్నాడు. ఇంకా రెండేళ్లు ఉందనగా, పోయిన ఆషాఢంలో, డ్యూటీకి పోదామని చెప్పులు వేసుకుంటూ గడపలోనే కూలబడ్డాడు.

డిపార్ట్‌మెంటులో సంతాప సభ పెట్టారు. ముందు వరుసలో సుజాతను కూర్చోబెట్టి చేతికి టీ ఇచ్చారు. శశిధర్ సార్ మాట్లాడాడు. కడప జిల్లా మనిషి, ఉప్పలయ్యతో ఇరవై ఏళ్లు గుట్టలు తిరిగినవాడు.

"ఎన్ని గుట్టలకు పోయినామో లెక్క లేదు. ఆయప్ప ఒక్క గుట్ట గూడా ఎక్కినోడు కాదు. రా ఉప్పలయ్యా, ఒకసారి చూద్దువు అంటే, బండి ఎవరు చూస్తారు సార్ అనేటోడు. బండి ఇడిచి పది అడుగులు పోయింది లేదు. కొత్తగా వచ్చే పిల్లోల్లకు పతి ఏడూ ఆయప్ప మాటే చెప్తా నేను" అని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

అందరూ లేచి నిలబడ్డారు. సుజాత కూడా లేచింది. చేతిలో టీ అట్లాగే చల్లారిపోయింది.

ఇంటికి వచ్చి బియ్యం కడిగి కుక్కరు పెట్టింది. అది సుయ్యిమనగానే పొయ్యి ఆపేసింది. ఆ రోజు నుంచి అన్నం గిన్నెలో వండుకుంటోంది. వారాసిగూడ నుంచి వచ్చిన కూతురు పూజ, "అమ్మా, కుక్కర్ ఖరాబైందా? కొత్తది తేవాల్నా?" అని అడిగింది.

"బానే ఉన్నది. గిన్నెల అన్నం రుచుంటది" అంది సుజాత.

ఆమెకు కోపం లేదు. ఆయన అబద్ధం చెప్పినా మంచికే చెప్పాడు, నలుగురి మధ్య అంతటి మాట అనిపించుకున్న మనిషి మీద ఏం కోపం. కానీ తన ఒక్కదాని కోసం ఆయన తెచ్చిన వస్తువు ఏదైనా ఉందంటే అదే. చీర కాదు, గాజులు కాదు. గుట్ట మీది నుంచి ఒక చప్పుడు మోసుకొచ్చి ఇచ్చాడు. పద్దెనిమిదేళ్లు దాన్ని దాచుకుంది. ఇప్పుడు అసలు అది ఉందో లేదో, కింద కూర్చుని అల్లిందో. అడుగుదామంటే చెప్పే మనిషి లేడు.

డిసెంబరులో ఆయన ట్రంకు పెట్టె సర్దుతుంటే బండి రెండో తాళంచెవి దొరికింది. నల్ల టేపు చుట్టి ఉంది. ఇది మనది కాదు, ఇచ్చిరావాలి అనుకుంది. మర్నాడు పదింటికి కొంగు కప్పుకుని బయల్దేరింది. క్యాంపస్ గేటు దాటితే చెట్ల నీడ. వాకింగ్ ముగించిన వాళ్లు అరుగుల మీద ఇంకా కూర్చుని ఉన్నారు. పిల్లలు పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని పరీక్షలకు చదువుకుంటున్నారు. ఈ దారిన ఆయన రోజూ నడిచేవాడు కదా అని ఆమె మెల్లగా నడిచింది.

డిపార్ట్‌మెంటు వరండాలో ఫోటోలు వేలాడుతున్నాయి. ఒక దాని ముందు ఆగిపోయింది. బండల మధ్య నీళ్ల గుంత, పక్కన ఆనుకుని రెండు బండలు, చుట్టూ టోపీలు పెట్టుకున్న పిల్లలు. కింద అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. మూపుగుట్ట.

గుంత ఉంది. బండలు ఉన్నాయి. కానీ ఈ ఫోటో కూడా ఇక్కడే ఉంది. రోజూ దీని ముందు నుంచే తిరిగిన మనిషికి గుట్ట ఎక్కకుండానే ఇవన్నీ తెలుస్తాయి.

శశిధర్ సార్ గదిలో బల్ల నిండా రాళ్లు, వాటి మీద తెల్ల రంగుతో నంబర్లు.

"రామ్మా సుజాతమ్మా, కూచో. పాప బాగుండాదా?"

"బాగున్నది సార్. ఇది మీ బండి తాళం. పెట్టెల ఉండిపోయింది."

సార్ తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూశాడు. టేపు కూడా ఆయప్పే చుట్టినట్టుండాడు అన్నాడు. ఇక లేవాల్సిన సమయం. సుజాత లేవలేదు.

"సార్, ఈ ఏడు మూపుగుట్టకు పోతున్రా?"

"వచ్చే శుక్రవారమే. ఏమ్మా?"

"నేనొస్త."

సార్ ఆమె వైపు చూశాడు. జన్మలో ఆమె ఆయన్ను ఏదీ అడగలేదు.

"అమ్మా, అది రాత్రి గుట్ట కింద పండుకోవాల. దీపం ఉండదు, బాత్రూము ఉండదు."

"మా ఊర్లె మాత్రం ఉండెనా సార్."

సార్ నవ్వాడు. "ఎందుకమ్మా అంత కష్టం?"

అసలు మాట గొంతు దాకా వచ్చింది. అది చెబితే ఆయన్ను అనుమానించినట్టు అవుతుంది. పైగా ఏ మాట నిజమైనా ఎవరో ఒకరి దగ్గర ఆయన అబద్ధాలకోరు అవుతాడు. "ఆయన పండుకున్న జాగ చూస్త సార్" అంది. అదీ నిజమే.

పూజకు తెలిసి ఫోన్ చేసింది. "మెట్రో మెట్లే ఎక్కవు, గుట్ట ఎక్కుతవా? మోకాళ్లు ఎవరియి అనుకున్నవ్?"

"మెట్రోకు లిఫ్టున్నది గదనే. ఉన్నది ఇడిసి మెట్లెందుకెక్కాలె."

శుక్రవారం సద్ది కట్టుకుంది. జొన్నరొట్టెలు, పల్లీల పొడి, మొదటి పూటకు పులిహోర. కట్టేటప్పుడు చేతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. డబ్బా తన ఒళ్లోనే పెట్టుకుని బండి ఎక్కడం ఒక్కటే కొత్త.

సాయంత్రం ఐదింటికి గుట్ట కిందికి చేరారు. దారి అక్కడితో ఆగిపోతుంది. నాలుగు కానుగ చెట్లు, చదునైన నేల, ఒక పక్క నుంచి పైకి పోయే కాలిబాట. ఇప్పటి డ్రైవరు సమ్మయ్య, నలభై దాటిన మనిషి, ఉప్పలయ్యను అన్నా అని పిలిచేవాడు. బండిని నేరుగా తీసుకుపోయి గుట్ట వైపు మూతి పెట్టి ఆపాడు. సుజాత ఊరుకుందామనుకుంది. ఊరుకోలేకపోయింది.

"సమ్మయ్యా, మూతి రోడ్డు దిక్కు పెట్టు."

"పొద్దున తిప్పుకుంట తియ్యి వదినా."

"రాత్రి ఎవరికన్న పాము కరిస్తే ఏం జేస్తవ్? జర ఆగు, బండి తిప్పుకొని వస్త అంటవా పాముతోని?"

పిల్లలు పకపకా నవ్వారు. "ఆంటీ, మా హాస్టల్ వార్డెన్‌గా వచ్చేయండి" అంది కౌముది అనే అమ్మాయి. సమ్మయ్య గొణుక్కుంటూనే బండి తిప్పాడు. తర్వాత తానే అడిగాడు, "రాయి కూడ పెట్టాలె గద?"

"పెట్టాలె."

డ్రైవరు సీటు కిందే ఉంది ఆ రాయి. అన్నేళ్లు చక్రం కింద నలిగి ఒక పక్క నున్నగా అయింది. సమ్మయ్య తీసి ఇస్తే, సుజాత కాసేపు చేతిలో పట్టుకుని, తానే వంగి చక్రం కింద పెట్టింది.

పిల్లలు మంట వేసి ఉప్మా వండుకున్నారు. గుడారాలు లేచాయి. సమ్మయ్య కానుగ చెట్టు కింద చాప పరుచుకున్నాడు. సుజాతకు బండిలో వెనక పొడుగు సీటు ఇచ్చారు. అద్దం రెండు వేళ్లు దించింది. కిటికీ కమ్మీకి ఒక గుడ్డ కట్టి ఉంది, అద్దాలు తుడిచే గుడ్డ. మురికిపట్టి రంగు పోయింది కానీ అంచు గుర్తుపట్టింది. పూజ పుట్టినప్పుడు పుట్టింటివాళ్లు పెట్టిన చీర. చినిగిపోయిందని తానే ఇచ్చింది.

నిద్ర రాలేదని కాదు, పోవాలనిపించలేదు. మూతి రోడ్డు వైపు ఉంది కాబట్టి గుట్ట వెనక అద్దంలో ఉంది. చుక్కల మధ్య నల్లగా, ఎద్దు తల వంచుకుని నిలబడ్డట్టుగా. ఆయన సీట్లో కూర్చుంటే అది వీపు వెనక ఉంటుంది. చూడాలంటే వెనక్కి తిరగాలి. ఎన్ని రాత్రులు తిరిగి చూశాడో. అన్నేళ్లు కింది నుంచి చూసిన మనిషి పైన ఏముంటుందో అల్లి చెప్పడంలో వింత ఏముంది అనుకుంది. అనుకుంది గానీ మనసు ఒప్పుకోలేదు. గుడ్డ చివర వేలికి చుట్టుకుని పడుకుంది.

ఐదింటికి బయల్దేరారు. కౌముది ఒక చెయ్యి పట్టుకుంది. మూడు చోట్ల కూర్చుని, ఒక చోట చెప్పులు విప్పి చేత పట్టుకుని, అందరికన్నా అరగంట వెనకగా పైకి చేరింది సుజాత. అప్పటికే ఎండ పడింది.

నీళ్ల గుంత ఫోటోలో కన్నా చిన్నది. పక్కన రెండు బండలు ఆనుకుని ఉన్నాయి, మధ్యన జానెడు సందు. ఆమె నేరుగా దాని దగ్గరికి పోయి నిలబడింది. గాలి వీస్తోంది. కొంగు ఎగురుతోంది. చప్పుడు మాత్రం లేదు. సుత్తుల టకటకలు, పిల్లల అరుపులు, ఎవరి ఫోనులోనో పాట. బండకు చెవి ఆనించింది. చల్లగా తగిలింది, అంతే.

"ఏమ్మా, ఆయాసం వచ్చెనా?" అన్నాడు సార్.

"లేదు సార్" అని బండ నుంచి తల ఎత్తింది.

"సార్, ఇక్కడ గాలికి ఏమన్న చప్పుడొస్తదా?" అని ఆగలేక అడిగింది.

"చప్పుడా? ఇరవై ఏండ్లుగా వస్తాండా, నేనేం వినలేదమ్మా."

ఆమె తల ఊపింది. పోనీ అనుకుంది. నవ్వించడానికి చెప్పాడు, నవ్వింది, అయిపోయింది. అది చాలదా అని తనను తానే అడిగింది. చాలదు అనే జవాబు వచ్చింది.

సార్ పిల్లల్ని పోగుచేశాడు. అసలు పని అవతలి వాలులో ఉందట. "నువ్వు ఈడనే నీడకు కూచోమ్మా. పదింటికి తినేదానికి వస్తాము" అని అందర్నీ తీసుకుని అటు దిగిపోయాడు. కాసేపు మాటలు వినిపించాయి. తర్వాత అవీ లేవు.

నీడ ఉన్నది ఆ రెండు బండల మొదట్లోనే. సుజాత అక్కడ చతికిలబడి బండకు వీపు ఆనించింది. సద్ది విప్పి రొట్టె ముక్క తుంచింది. ఆకలి లేదు, మళ్లీ డబ్బాలో పెట్టింది. చేసే పని లేదు. చెయ్యి చెంపకు పెట్టుకుని కూర్చుంది. బండ మెల్లగా వేడెక్కుతోంది.

ముందు తన చెవిలోనే ఏదో హోరు అనుకుంది. లోయ నుంచి గాలి ఎక్కి వస్తోంది. సందు కింది భాగంలో, కూర్చున్న మనిషి చెవి ఎత్తున, పలచగా మొదలైంది. సుయ్యి. కొంచెం చిక్కబడింది. ఇంకొంచెం. ఆమె చెయ్యి తనంతట తానే ముందుకు పోయింది, పొయ్యి తగ్గించడానికి పోయినట్టు. ఇప్పుడు కూతేస్తుంది అనుకుంది. వెయ్యలేదు. అట్లాగే సన్నగా, బిగపట్టి, పైకి పోతూ, తగ్గుతూ.

లేచి నిలబడి చూసింది. లేదు. మళ్లీ కూర్చుంది. ఉంది.

అందరూ అటు దిగిపోయాక, పని లేకుండా, ఒక్కడే ఇక్కడ కూర్చున్న మనిషికి తప్ప ఎవరికీ వినపడదు అది. బిడ్డను మట్టిలో పెట్టి నెల తిరక్కుండానే డ్యూటీకి వచ్చిన మనిషి, ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కనాడు, బండిని కింద వదిలేసి పైకి ఎక్కాడు. ఎందుకు ఎక్కాడో ఇంటికి వచ్చాక కూడా చెప్పలేదు. ఇక్కడ కూర్చుని ఏడ్చాడేమో. ఆ ముక్క వదిలేసి కుక్కరు సంగతి మాత్రం ఆమెకు తెచ్చి ఇచ్చాడు.

విన్నాను అని చెప్పాలనిపించింది. చెప్పాల్సిన మనిషి ఒక్కడే. పక్కన నేల మీద చెయ్యి ఆనించి, ఒక మనిషి కూర్చునేంత చోటు చెయ్యితోనే తుడిచింది.

పదింటికి సార్, పిల్లలు వచ్చారు. మాటల సందడిలో ఆ చప్పుడు కలిసిపోయింది. సార్ గుంత పక్కన నిలబడి చెమట తుడుచుకుంటూ చుట్టూ చూశాడు.

"పాపం ఆయప్ప. అన్నేండ్లు కింద ఉండి ఒక్కసారన్నా ఇది చూడకుండానే పాయ గదమ్మా."

సుజాత డబ్బా మూత బిగించింది.

"బండి ఇడిసిపెట్టొచ్చే మనిషి కాదు సార్" అంది.

"కాదమ్మా. అట్లాంటోల్లు ఇంక రారు."

తిన్నాక వాళ్లు మళ్లీ అవతలికి పోయేటప్పుడు, దారి తెలుసు, నేను దిగుతా అని చెప్పి ఆమె ఒక్కతే కిందికి వచ్చింది. సమ్మయ్య బండి మెట్టు మీద కూర్చుని సిగ్నల్ లేని ఫోనును అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"పైన ఏమున్నది వదినా?"

"నీళ్ల గుంత."

"గంతేనా?"

"గంతే. నువ్వు ఎక్కలేదా ఎన్నడు?"

"యాడ ఎక్కుత? డ్రైవరు బండి ఇడ్వద్దు గద. జర అటు జరిగితే చాలు, సార్ మా అన్న పేరు చెప్పి చంపుతడు."

సుజాత నవ్వింది. మెట్టు మీద నుంచి లెమ్మని చెయ్యి ఊపింది.

"పో. ఎక్కిరా. బండి కాడ నేనుంట."

"సార్ చూస్తే?"

"అవతలికి దిగిండ్రు. మధ్యాహ్నం దాక రారు. గుంత పక్కకు రెండు బండలుంటయి, గాడ కూసో. నిలబడకు, కూసో. ఊకెనే కూసో."

సమ్మయ్య ఆమె ముఖం చూశాడు. ఏమనుకున్నాడో, తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, ఫోను జేబులో వేసుకుని బాట పట్టాడు.

ఆమె చక్రం కింది రాయిని కాలితో ఒకసారి లోపలికి నెట్టి చూసింది. గట్టిగానే ఉంది. మెట్టు మీద కూర్చుని, రోడ్డు వైపు కాసేపు, వెనక్కి తిరిగి గుట్ట వైపు కాసేపు చూసింది. చాలాసేపటికి పైన, బండల దగ్గర, సమ్మయ్య ఎర్ర చొక్కా చుక్కంత కనిపించింది. ఆ చుక్క అటు తిరిగింది, ఇటు తిరిగింది. తర్వాత కూర్చుంది.